బతికున్న మనిషికి ఒక నిమిషం మౌనం

ఆగస్టు 9

ఇవాళ ఆఫీసులో 'వర్చువల్ గాలా' అన్న మాట విని విని చెవులు మండిపోయాయి. భువనేశ్వర్ నుంచి మధుస్మిత అనే ఆమెని పిలిపించారు. విరాళాల కోసం ఇంటర్నెట్‌లో పెద్ద సభ పెట్టించడం ఆమె పని. దాతలు ముంబైలోనో దుబాయిలోనో వాళ్ళ సోఫాల్లోనే కూర్చుని చూస్తారట. మనం ఇక్కణ్ణుంచి ఏడవాలి. ఆమె ఏడవాలి అనలేదులే, 'ఎమోషనల్ కనెక్ట్' అంది.

లోకనాథ్ సార్ ఆమె చెప్పిన ప్రతిదానికీ తల ఊపాడు. హాస్టల్ అద్దె, వంట గ్యాసు, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ ఒక్క సాయంత్రం మీదే ఆధారపడి ఉన్నాయన్నాడు. పాత్రపూర్‌లో తన వాటా పొలం అమ్మి ఈ హాస్టల్ పెట్టిన మనిషి. సముద్రం ఒడ్డున ఉన్న పేటల నుంచి బరంపురం వచ్చి చదువుకునే జాలరి ఆడపిల్లలకి ఇంకో చోటు లేదు. అందుకే ఆయన మీద నాకు కోపం పూర్తిగా రాదు. సగంలో ఆగిపోతుంది.

తెలుగూ ఒడియా ఇంగ్లీషూ మూడూ ధారాళంగా మాట్లాడేది ఆఫీసులో నేనొక్కదాన్నే. కాబట్టి లైవ్‌లో అనువాదం నాది. "ఉషారాణీ, నువ్వే మాకు బ్రిడ్జి" అంది మధుస్మిత. బ్రిడ్జట. అంటే అందరూ నా మీద నుంచి నడుస్తారన్నమాట.

కార్యక్రమానికి ముఖ్యమైన పిల్లగా తులసిని ఎంచుకున్నారు. పదో తరగతి. బాగా చదువుతుంది, కళ్ళు పెద్దవి. రెండో కారణమే మొదటిదని నాకు తెలుసు.

ఆగస్టు 12



తులసి మీద చేసిన వీడియోకి మధుస్మిత రాసిన ఇంగ్లీషు మాటలు ఇవాళ చూశాను. నేను ఇచ్చిన రిపోర్టులో ఉన్నది ఇది: తులసి తండ్రి కూర్మయ్య గుజరాత్‌లోని వీరావల్‌లో చేపల ట్రాలర్ మీద పనిచేస్తూ సముద్రంలో చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆమె రాసింది ఇది: తులసి తండ్రిని సముద్రంలో పోగొట్టుకుంది.

చెయ్యి అన్న మాట ఎగిరిపోయింది. మనిషే పోయాడు.

పొరపాటేమో అనుకుని చెప్పాను. ఆమె లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "తెలుసు" అంది. "చెయ్యి పోయిన తండ్రి అంటే ప్రశ్నలొస్తాయి ఉషా. పడవ యజమాని ఏమిచ్చాడు, ప్రభుత్వం ఏం చేసింది, ఆయన ఇంకో పని చూసుకోలేడా అంటారు. లేని తండ్రి గురించి ఎవరూ ప్రశ్నలు వెయ్యరు."

లోకనాథ్ సార్ గదిలోకి వెళ్ళి తలుపు వేశాను.

"సార్, కూర్మయ్య బతికే ఉన్నాడు. మొన్ననే నాకు ఫోన్ చేశాడు, పిల్ల చెప్పులు తెగిపోయాయట కొనిపెట్టండని."

"నాకు తెల్దా ఉషా?"

"మరి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏటి సెయ్యమంటావు సెప్పు" అన్నాడు. ఆయనకి బాధ కలిగితే సొంత ఊరి మాట వచ్చేస్తుంది. "ఇంటాయన కింద అంతస్తు కూడా ఖాళీ సెయ్యమంతన్నాడు. ఇన్నాళ్ళూ నిజాలే సెప్పినాం. ఎవులిచ్చినారు?"

నేను తలుపు గట్టిగా వేసి వచ్చేశాను. అంతే చేశాను. తలుపు వేశాను.

ఆగస్టు 13

మానేస్తాను. రేపే చెప్పేస్తాను.

ఆగస్టు 14

చెప్పలేదు. సిలిండర్ల బండి వాడు పాత బాకీ ఇస్తేగాని దించనన్నాడు. పిల్లలు మధ్యాహ్నం నీళ్ళన్నంలో ఉల్లిపాయ నంజుకుని తిన్నారు. ఒక్కత్తి కూడా మారు మాట్లాడలేదు. అది చూసి నాకు వాళ్ళ మీద కూడా కోపం వచ్చింది. అరవచ్చు కదా.

ఆగస్టు 21

తులసి వాళ్ళ పేటకి వెళ్ళివచ్చాను. గోపాల్‌పూర్ దాటాక ఆటో దిగి ఇసుకలో నడవాలి. తల్లి కాసమ్మ ఇంటిముందు వల పరిచి నెత్తళ్ళు ఎండబెడుతోంది. నన్ను చూసి చెయ్యి కొంగుకి తుడుచుకుని నవ్వింది. ఆమెని నేను మొదటినుంచీ సొంత అక్కలా అప్పా అనే పిలుస్తాను. అప్పుడు కూర్మయ్య బావ అవుతాడు. బావ అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో బీడీ వెలిగించుకుంటున్నాడు. కుడిచెయ్యి మోచేతి కిందనుంచి లేదు.

"గాలా అంటే ఏటి? గాలమా?" అన్నాడు. "ఏ సేపకి?"

నవ్వేశాను. ఇంటర్నెట్‌లో సభ అని, దూరం ఊళ్ళ పెద్దమనుషులు చూస్తారని, హాస్టల్‌కి సాయం చేస్తారని చెప్పాను. తులసి హాస్టల్ నుంచి మాట్లాడుతుంది, అప్ప ఇక్కణ్ణుంచి మాట్లాడుతుంది, నేను పక్కనే ఉండి ఇంగ్లీషులో చెబుతాను అన్నాను. అంతా నిజమే.

మధుస్మిత నాతో చెప్పి పంపినది వేరే. బొట్టు ఉండకూడదు, గాజులు ఉండకూడదు, మెడలో ఏమీ కనబడకూడదు. "నువ్వు వాళ్ళ మనిషివి, నువ్వు చెబితే వింటారు" అంది.

కాసమ్మ నుదుటిమీద రూపాయి బిళ్ళంత బొట్టు. ఎర్రగా, చెమటకి కొంచెం కారి. దానికేసి చూస్తూ అన్నాను.

"అప్పా, ఆ రోజు బొట్టు పెట్టుకోకు. కెమెరాలో మెరుస్తాది, మొహం సరిగ్గా కనబడదు. గాజులు కూడా తీసెయ్యి, మైకులో సప్పుడు వస్తాది. మెళ్ళో పూసలు పైట కిందకి తోసుకో."

"అలగా? మరి సినిమావోళ్ళు అంతంత బొట్లు ఎడతారు గదే."

"అవి వేరే కెమెరాలు."

"ఏమో తల్లీ. సదూకున్నదానివి, నీకు తెల్దా" అంది. లోపలికి వెళ్ళి పచ్చి రొయ్యలు పొట్లం కట్టి నా సంచీలో పెట్టింది. వద్దన్నా వినలేదు.

పెద్ద బొట్లు నిజంగానే కెమెరాలో మెరుస్తాయి. ఎక్కడో చదివాను.

ఆగస్టు 22

రొయ్యలు పారేశాను. పాడైపోయాయి. పాడైపోయాయనే అనుకుంటున్నాను.

ఆగస్టు 31

అయిపోయింది. రాయాలి. రాస్తేగాని ఈ మంట దిగదు.

సాయంత్రం, ఇంకా వెలుగుండగానే మొదలైంది. కాసమ్మ ఇంట్లో స్టాండు మీద ఫోను, పక్కన లాప్‌టాప్, ఒక గుండ్రటి లైటు. ఇద్దరం చాప మీద కూర్చున్నాం. కాసమ్మ నేను చెప్పినట్టే తయారైంది. బోడి నుదురు, బోడి చేతులు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. ఎవరో వేరే ఆడమనిషిలా ఉంది. నేనే ఆమెని అలా చేశాను.

కూర్మయ్య బావ ఇంట్లో ఉండకూడదని మధుస్మిత మరీ మరీ చెప్పింది. గది ఇరుకు, కాసేపు ఒడ్డుకి వెళ్ళు బావా అన్నాను. సరేనని లేచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు బోర్డు వదులై లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. బావ వచ్చి బోర్డుని గోడకి అదిమి పట్టుకున్నాడు. లైటు నిలబడింది. "నువ్వు కానీ, నాను పట్టుకుంతాను" అన్నాడు. వదిలితే ఆరిపోతుంది. ఇక ఎలా పొమ్మంటాను? కెమెరా వెనకాల, కాసమ్మకి ఎదురుగా నిలబడ్డాడు.

ముంబై నుంచి యాంకరమ్మ పట్టుచీర కట్టుకుని పలకరించింది. మన బరంపురం పట్టేనని రెండుసార్లు చెప్పింది. తులసి హాస్టల్ నుంచి చక్కగా మాట్లాడింది, ఒడియాలో పద్యం చెప్పింది. తర్వాత వీడియో వేశారు. సముద్రం, విషాద సంగీతం, ఇంగ్లీషు గొంతు. కాసమ్మ కూతురి బొమ్మ చూసుకుని మురిసిపోయింది. బావ మెడ సాచి లాప్‌టాప్‌లోకి చూసి, "మా పిల్లే!" అన్నాడు.

తర్వాత యాంకరమ్మ గొంతు తగ్గించి ఇంగ్లీషులో అడిగింది. "సముద్రం మీ భర్తను తీసుకుపోయిన రోజు గురించి చెప్పగలరా?"

అందరూ నాకేసి చూస్తున్నారు. తెర మీద ఆ చిన్న చిన్న గళ్ళన్నింట్లోంచీ.

నేను కాసమ్మ వైపు తిరిగి, "అప్పా, సముద్రం మీద బావకి ఏటి జరిగిందో అడుగుతున్నారు, సెప్పు" అన్నాను.

చెప్పింది. "పడవోలు ఫోను సేసినప్పుడు నాను సేపలు ఆరబెడతన్నాను. వల లాగే వించికి సుట్టిన తాడు లాగీసిందట. రగతం ఆగనేదట. ఒడ్డేమో దూరం. ఈ ఫోనట్టుకుని నాను ఒడ్డంటా పరిగెట్టాను, ఎక్కడికి పరిగెడతన్నానో నాకే తెల్దు. ఆ రోజు కాడినుంచి సముద్రం కేసి సూడబుద్ధవదు" అంది. ఏడ్చింది. అదివరకు నా దగ్గర ఎప్పుడూ ఏడవలేదు. కెమెరా వెనక బావ బోర్డు వదలకుండా, "ఒలే, ఊరుకోయే" అంటున్నాడు మెల్లగా.

నేను ఇంగ్లీషులో చెప్పాను. తాడు, రక్తం, ఒడ్డు దూరం, పరుగు. ఆఖర్న, కాగితంలో రాసిచ్చినట్టే, "ఆ రోజు సముద్రం అతన్ని మా నుంచి తీసుకుపోయింది" అన్నాను.

యాంకరమ్మ కళ్ళు తుడుచుకుని, ఆ తండ్రి ఆత్మశాంతి కోసం ఒక నిమిషం మౌనం పాటిద్దామంది. గళ్ళలో అందరూ తలలు వంచారు. కొందరు లేచి నిలబడ్డారు. కాసమ్మ, "ఏటి సేత్తన్నారు?" అంది నా చెవిలో. "దణ్ణం పెడుతున్నారు" అన్నాను. ఆమె కూడా చేతులు జోడించింది.

తల ఎత్తి చూశాను. కెమెరా వెనక కూర్మయ్య బావ తల వంచుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి బోర్డు మీద ఉంది కాబట్టి జోడించడానికి రెండోది లేదు. కళ్ళు మూసుకున్నాడు.

తెర పక్కన విరాళాలు చూపే ఆకుపచ్చ గీత పైకి, పైపైకి పోతోంది. అనుకున్న గుర్తు దాటేసింది. మధుస్మిత ఫోన్‌లో చప్పట్ల బొమ్మలు పంపింది.

సెప్టెంబరు 1

చనిపోయాడు అన్న మాట నేను వాడలేదు. ఒక్కసారి కూడా వాడలేదు. తీసుకుపోయింది అన్నాను. దానికి చాలా అర్థాలు ఉంటాయి.

సెప్టెంబరు 3

హాస్టల్‌లో స్వీట్లు పంచారు. తులసి తీసుకోలేదు. వంటగది దగ్గర దొరికితే, ఏమైందే అన్నాను.

"మీరు సెప్పింది నాకు అర్థమైంది, మేడమ్" అంది. ఇన్నేళ్ళలో నన్ను దీదీ తప్ప ఇంకో పిలుపు పిలవలేదు. "నాకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ ఇంటే తెలుస్తాది. మా అమ్మ అది సెప్పలేదు."

"తులసీ, హాస్టల్ కోసం..."

"మా నాన్న మీ ఎదర నిల్చునే ఉన్నాడట గదా. అమ్మ ఫోనులో సెప్పింది. లైటు బాగా పట్టుకున్నాడని సంబరపడతంది."

నేనేదో అనబోయాను. ఆ పిల్ల వినకుండా వెళ్ళిపోయింది. చిన్నపిల్లకి నామీద కోపం ఎందుకు? వీడియో నేను రాశానా? సభ నేను పెట్టానా? హాస్టల్ మూతపడితే అందరికంటే ముందు రోడ్డున పడేది ఎవరు? ఇవన్నీ దానికి చెప్పాలి. చెబుతాను.

సెప్టెంబరు 7

కాసమ్మ ఫోను చేసింది. హైదరాబాదులో పనికి వెళ్ళిన వాళ్ళ పేట కుర్రాడు చిట్టిబాబు ఆ వీడియో ఎక్కడో చూశాడట. కూర్మయ్య మావ సచ్చిపోనాడా అని ఏడుస్తూ ఇంటికి ఫోను చేశాడట. తర్వాత సంగతి తెలుసుకుని పేట వాట్సాప్ గ్రూపులో పెట్టాడట. ఇప్పుడు టీ కొట్టు దగ్గర బావని చూసి, వీడికి టీ ఎయ్యాలా పిండం ఎట్టాలా అని నవ్వుతున్నారట.

ఆమె తిట్టలేదు. ఏడవనూ లేదు. ఆఖర్న ఒక్క మాట అడిగింది.

"బొట్టు మెరుత్తాదని సెప్పావు గదే?"

అడిగి ఫోను పెట్టేసింది.

సెప్టెంబరు 8

మధుస్మిత వల్ల. లోకనాథ్ సార్ వల్ల. ఆ యాంకరమ్మ వల్ల. ఆ ఇంటాయన వల్ల. చెయ్యి తెగితే రెండు నెలల జీతం మొహాన కొట్టి పంపేసిన ఆ పడవవాడి వల్ల. సోఫాల్లో కూర్చుని, ఎవరో చస్తేగాని జేబులో చెయ్యి పెట్టని వాళ్ళందరి వల్ల.

ఇంకో పేరు రాసి కొట్టేశాను.

సెప్టెంబరు 10

పొద్దున్నే కూర్మయ్య బావ ఆఫీసుకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. గుమ్మం దగ్గర వాచ్‌మన్ అసిరయ్య పేరడిగాడు.

"కూర్మయ్య. సచ్చిపోయిన కూర్మయ్య."

లోకనాథ్ సార్ బయటికి వచ్చి, "కూకో కూర్మయ్యా, టీ తెమ్మంటాను" అన్నాడు.

"సచ్చినోడు టీ తాగడు బాబూ."

"నీ పిల్ల సదువు కోసమే గదా ఇదంతా."

బావ గొంతు ఆఫీసంతా వినబడింది. "నా పిల్ల సదువు కోసం నన్ను సంపీసినారు. మరి నాతో ఒక మాట సెప్పక్కర్నేదా? నన్నడిగితే, సరే బాబూ, సంపీసుకోండి అనీవోణ్ణేమో! పిల్లకంటే నాకేటి ఎక్కువ? అడగనేదేటి? సెయ్యి నేదని నోరు కూడా నేదనుకున్నారేటి?"

సార్ నేలకేసి చూస్తున్నాడు. బావ నా వైపు తిరిగాడు.

"నువ్వు దాన్ని అప్పా అన్నావు. నన్ను బావా అన్నావు. ఆ రోజు బోర్డట్టుకుంటే సెయ్యి లాగీసింది, తిమ్మిరెక్కిపోనాది. వొదిలితే నీకు మాటొత్తాదని వొదల్లేదు నాను."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం కాదు. ఈసారి బాగా తెలుసు.

"ఇప్పుడేటి సెయ్యమంటావు సెప్పు" అన్నాడు సార్.

"ఆలందర్నీ మళ్ళీ పిలండి. నన్ను సూడమనండి. అంతే."

సార్ అది కుదరదన్నాడు. వెళ్ళేముందు బావ గోడకి ఉన్న హాస్టల్ ఫొటోల్లో తులసిని వెతికి, కనబడ్డాక కాసేపు నిలబడి చూసి వెళ్ళాడు.

సెప్టెంబరు 11

మధుస్మిత ఉపాయం కనిపెట్టింది. ఆదివారం పెద్ద దాతలకి కృతజ్ఞతలు చెప్పే చిన్న కాల్ ఉంది. అందులో ఒక సవరణ చదువుతారట: 'క్షేత్రస్థాయి ఉద్యోగి అనువాద లోపం వల్ల పొరపాటు దొర్లింది. చింతిస్తున్నాం.' ఆ ఉద్యోగిని నేను. సంతకం పెట్టమని పంపింది.

అనువాద లోపం! వీడియో వాళ్ళు రాస్తే, మాట వాళ్ళు మారిస్తే, లోపం నాది! కుర్చీ తన్నేశాను. తన్నాక కుర్చీ ఎత్తి నిలబెడుతుంటే తట్టింది. ఆ కాగితంలో ఉన్నదాంట్లో 'లోపం' ఒక్కటే అబద్ధం. అనువాదం నాదే.

సార్‌తో చెప్పాను, సంతకం పెట్టను, ఆదివారం నేనే స్వయంగా చెబుతాను అని. ఆయన హమ్మయ్య అన్నాడు. నేనేం చెబుతానో అడగలేదు.

ఆటో ఎక్కి పేటకి వెళ్ళాను. కాసమ్మ తలుపు తియ్యలేదు. బావ అరుగు మీదే ఉన్నాడు.

"బావా, ఆదివారం రా. ఆలకి కనబడు" అన్నాను.

"నువ్వేటి సెప్తావో నాకెలా తెలుత్తాది?" అన్నాడు.

లోపలినుంచి కాసమ్మ గొంతు వచ్చింది. "తులసిని పక్కనెట్టుకో. దానికి ఇంగిలీసు ఇంటే తెలుత్తాది."

సెప్టెంబరు 15

నిన్న జరిగింది.

ఆఫీసు హాల్లో పెద్ద లాప్‌టాప్ ముందు నేను, లోకనాథ్ సార్. కృతజ్ఞతలు అయ్యాక నా వంతు వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడ్డ బావని పిలిచి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. వెనక తులసి నిలబడింది. సార్ మొహం పాలిపోయింది, కానీ లేవలేదు.

ఇంగ్లీషులో అన్నాను. "ఈయన పేరు కూర్మయ్య. తులసి తండ్రి. పోయిన నెల మీరంతా ఈయన కోసం మౌనం పాటించారు. అది అనువాద లోపం కాదు, అబద్ధం. రాసింది సంస్థ, పలికింది నేను. ఆయన భార్యకీ ఆయనకీ ఏమీ తెలియదు."

అంతే. నా గొంతు పోయింది. భువనేశ్వర్‌లో కూర్చున్న మధుస్మిత మా మైకు ఆపేసింది. తెర మీద జనం ఒకళ్ళనొకళ్ళు అడుగుతున్నారు, మా మాట వాళ్ళకి వినబడటం లేదు. నేను లాప్‌టాప్ మీద పిచ్చిదానిలా బటన్లు నొక్కుతున్నాను. అప్పుడు లోకనాథ్ సార్ జేబులోంచి తన ఫోను తీశాడు. ఆయన దాంతో కూడా సభలో చేరి ఉన్నాడు. బావ ముందు పెట్టి, "ఇందులో సెప్పు కూర్మయ్యా" అన్నాడు.

బావ ఫోనుకి దగ్గరగా వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా మొదలుపెట్టాడు. ఒక్కో మాటా నేను ఇంగ్లీషులో చెప్పాను. వించిలో చెయ్యి పడటం, ఆసుపత్రి, తిరిగి రావడం. "రావలసిన డబ్బులు పడవోడు కొట్టీసినాడు" అన్నాడు. యజమాని డబ్బు ఇవ్వలేదు అన్నాను.

"అది కాదు మేడమ్" అంది తులసి వెనకనుంచి. "నాన్న 'కొట్టేసినాడు' అన్నాడు. ఇవ్వలేదు అనలేదు."

మళ్ళీ చెప్పాను. కొట్టేశాడు. దొంగిలించాడు.

బావ చివరికి అన్నాడు. "సచ్చినోడి కూతురికైతే ఇత్తారు. బతికున్నోడి కూతురికి ఇవ్వరా? నాను బతికుండటం నా పిల్ల సేసిన తప్పేటి?"

అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. గళ్ళు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలైంది. ఒకాయన ఇది మోసం, నా డబ్బు నాకు కావాలి అని కేకలు వేసి వెళ్ళిపోయాడు. ఆయన కోపం న్యాయమే.

మిగిలిన వాళ్ళలో ఒక పెద్దావిడ ఉంది, పూణేలో ఉంటుందట. ఆవిడ మెల్లగా అడిగింది. "మేమంతా మౌనంగా నిలబడినప్పుడు ఆయన ఎక్కడున్నాడు? ఏం చేశాడు?"

బావని అడిగాను.

"అక్కడే ఉన్నాను. అందరూ తలొంచితే, ఎవులో పాపం పోనారనుకున్నాను. ఎవులైతేనేటి, దణ్ణమెట్టాల గదా. నాను కూడా ఎట్టినాను."

ఇంగ్లీషులో మొదలుపెట్టాను. రెండు మాటలు వచ్చాయి. తర్వాత రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. తులసి నన్ను భుజంతో పక్కకి జరిపి, ఫోను ముందుకి వంగి, ముక్కలు ముక్కలుగా, కాలాలన్నీ తప్పుగా, తనే చెప్పింది. ఆ పెద్దావిడకి అర్థమైంది. మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

సెప్టెంబరు 23

మధుస్మిత లాయరు నోటీసు పంపిస్తానంది. పంపలేదు.

చాలామంది డబ్బు వెనక్కి అడిగారు. సార్ అడిగినవాళ్ళందరికీ తిరిగి పంపేస్తున్నాడు. "నువ్వు గెలిసావు ఉషా, పిల్లలు ఓడిపోనారు" అన్నాడు. "ఫోను తీసి ఇచ్చింది మీరే కదా సార్" అన్నాను. నవ్వాడో ఏడిచాడో తెలియలేదు. ఈసారి ఆయన మీద కోపం సగంలో ఆగలేదు. పూర్తిగా వచ్చింది, పూర్తిగా పోయింది.

కొందరు వెనక్కి అడగలేదు. పూణే ఆవిడ ఇంకో ఇద్దరిని తీసుకొస్తానంది. పై అంతస్తు ఖాళీ చేశాం. కింద అంతస్తు నిలబడింది. హుమ్మ ఊరి వైపు నుంచి వచ్చిన పిల్లలు కొందరు పెట్టెలు సర్దుకుని ఇళ్ళకి పోయారు. వాళ్ళు పోవడం గేటు దగ్గర నిలబడి చూశాను. లోపలికి వెళ్ళిపోవాలనిపించింది గాని వెళ్ళలేదు.

నాకు జీతం ఇవ్వలేనని సార్ చెప్పాడు. గేట్ బజార్‌లో ట్యూషన్ సెంటర్‌లో చేరాను.

సెప్టెంబరు 29

చేపల బజారులో కాసమ్మ కనబడింది. తలమీద తట్ట, నుదుటిమీద బొట్టు. నన్ను చూసింది. ఆగలేదు. అప్పా అని పిలవబోయి ఊరుకున్నాను. ఆ పిలుపు నాకు ఇంక లేదు.

అక్టోబరు 6

సాయంత్రం ట్యూషన్ అయ్యాక బయటికి వస్తే మెట్ల దగ్గర తులసి నిలబడి ఉంది. హాస్టల్ నుంచి నడిచి వచ్చిందట. చెమట కారుతోంది.

"నాకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతారా?" అంది.

నా మొహంలో సంతోషం కనబడిందేమో, వెంటనే చెయ్యి అడ్డం పెట్టింది. "మిమ్మల్ని క్షమించడానికి రాలేదు. ఊళ్ళో ఇంత బాగా ఇంకెవులికీ రాదు గాబట్టి వొచ్చాను. మళ్ళీ ఎప్పుడైనా ఎవులైనా మా గురించి అడిగితే మీరు సెప్పకూడదు. మేమే సెప్పుకుంటాం."

సరే అన్నాను.

అక్కడే మెట్ల మీద కూర్చున్నాం. ఆ రోజు తను చెప్పినదాంట్లో కాలాలన్నీ తప్పాయి కదా, అక్కణ్ణుంచే మొదలుపెట్టమంది. జరిగినది, జరుగుతున్నది, జరగబోయేది విడదీసి చెప్పాను. తప్పు పలికిన చోటల్లా ఆపి, మళ్ళీ చెప్పమంటే విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పింది. నాకేసి మాత్రం చూడలేదు.

వెళ్ళేటప్పుడు చున్నీ దులుపుకుని, "రేపు కూడా వస్తాను. థాంక్స్ సెప్పను" అంది.

"చెప్పకు" అన్నాను.